డ్రైవరు గారి నడుము కొలత

పొద్దున్నే ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు టైలరమ్మ మొగుడి ప్యాంటు తిరగేసి, వెనక కుట్టు పక్కన గోరుతో తడిమింది. మడతలో గుడ్డ వేలికి తగల్లేదు. నమ్మకం కుదరక కళ్లజోడు పెట్టుకుని చూసింది. కుట్టు అంచు దాకా వచ్చేసింది. ఇక విప్పుదామన్నా విప్పడానికి గుడ్డ లేదు.

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. ముందుగదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని స్కూలు యూనిఫారాలు, ఆఫీసు చొక్కాలు కుడుతుంది. ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. పంతొమ్మిదేళ్లుగా స్టీరింగు తప్ప మరో పని ఎరగడు. అతని యూనిఫారం ప్యాంట్లు మూడూ ఆమె చేతి కుట్టే. ఎదిగే పిల్లల బట్టలకు వదిలినట్టు, ఎందుకైనా మంచిదని వెనక మడతలో మూడంగుళాల గుడ్డ వదిలి కుట్టింది. ఆ మంచితనమే ఇప్పుడు కొంప మీదికి తెచ్చింది.

డ్రైవరు స్నానం చేసి వచ్చి ప్యాంటు తొడుక్కున్నాడు. హుక్కు పెట్టుకుని నడుం మీద రెండు చేతులూ వేసుకుని, "చూశావా, ఎక్కడిదక్కడే ఉంది. ప్యాంటు పట్టినంత కాలం మనకేం ఢోకా లేదు," అన్నాడు. టైలరమ్మ ఇస్త్రీపెట్టె వైరు చుడుతున్నట్టు తల వంచేసుకుంది.

ఫ్రిజ్ మీద డిపో వాళ్ల కాగితం అంటించి ఉంది. ఇంకో నలభై రోజుల్లో డ్రైవర్లందరికీ వైద్య పరీక్ష. పోయిన ఏడాది ఇదే పరీక్షలో డాక్టరు రక్తం రిపోర్టు చూసి, చక్కెర గట్టు మీద నిలబడి ఉందనీ, వచ్చే ఏటికి గట్టు దాటితే స్టీరింగు వదిలేయాల్సిందేననీ చెప్పాడు. స్టీరింగు వదిలినవాళ్లను డిపోలో పోగొట్టుకున్న వస్తువుల గదిలో కూర్చోబెడతారు. ఇతనితోపాటు ఉద్యోగంలో చేరిన ఒకాయన రెండేళ్లుగా అక్కడే గొడుగులకూ, ఒంటి చెప్పులకూ కాపలా కాస్తున్నాడు. డ్రైవరు ఆ గది ముందు నుంచి వెళ్లాల్సి వస్తే తల అటువైపు తిప్పడు.

డాక్టరు ఆ మాట అన్న సాయంత్రమే ఇంట్లో చట్టం అమల్లోకి వచ్చింది. చక్కెర డబ్బా, జామ్ సీసా, అత్తగారి దిండు పక్కన ఉండే చాక్లెట్లు, అన్నీ బీరువాలోకి వెళ్లాయి. తాళంచెవి టైలరమ్మ మెడలో వేలాడే కొలత టేపు చివరికి ఎక్కింది. తొమ్మిదో తరగతి చదివే కూతురు తల్లికి జైలరు అని పేరు పెట్టింది. అత్తగారు మాత్రం ఊరుకోలేదు. బంగారం టేబులు మీద, చక్కెర బీరువాలో ఉన్న కొంప ఇదొక్కటేనని వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పేది.

మరో నెలకు అసలు ముచ్చట జరిగింది. ఒక స్టాపులో ఎవరిదో పెట్టె దించడానికి డ్రైవరు సీట్లోంచి లేచాడు. లేచీ లేవగానే ప్యాంటు హుక్కు ఊడి ఎగిరిపడింది. కాలేజీ పిల్లలు పకపకా నవ్వారు. ఇంటికొచ్చినవాడు రెండు రోజులు సరిగా తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ ముఖం చూడలేక టైలరమ్మ, అతను నిద్రపోతున్న మధ్యాహ్నం పూట మూడు ప్యాంట్లూ తలో అరంగుళం వదులు చేసి హ్యాంగరుకు తగిలించింది. మర్నాడు తొడుక్కుని చూసుకుని అతను పొంగిపోయాడు. రెండు రోజులు నోరు కట్టుకుంటే ఎంత తేడా వచ్చిందో చూడమన్నాడు. పండులా నవ్వుతున్న మనిషికి అది నీ నోటి మహిమ కాదు, నా కత్తెర మహిమ అని ఎలా చెబుతుంది? చెప్పలేదు. ఒకసారి చెప్పని మాట రెండోసారి మరీ బరువెక్కుతుంది. అలా పది నెలల్లో ఆరుసార్లు విప్పింది.

ఇవాళ్టితో గుడ్డ అయిపోయింది.

మిషను ముందు కూర్చుందే గానీ ఆమె మనసు పని మీద లేదు. ఇంట్లో తిండి మీద ఇంత కాపలా ఉంది. టీలో చక్కెర లేదు. మరి ఈ నడుం ఎక్కడి నుంచి వస్తోంది? కోపం కంటే ముందు ఆమెకు కుతూహలం పుట్టింది. బట్ట ఎక్కడ పట్టేస్తోందో తెలియకుండా కత్తెర పెట్టకూడదని పని నేర్పిన ముసలి దర్జీ చెప్పేవాడు. ముందు పట్టేసిన చోటు వెతకాలి.

ఉతకబోయే ప్యాంట్ల జేబులు తిరగేయడంతో మొదలుపెట్టింది. రెండు మూడు రోజులకే బిస్కెట్ల పొడి దొరికింది. గోరంత సైజుకు మడిచిన ప్యాకెట్టు కాగితాలు దొరికాయి. అంచు మీద అంచు పెట్టి ఎంత పొందికగా మడిచాడంటే, ఆమె దగ్గర పని నేర్చుకునే ఏ అమ్మాయీ అంత బాగా మడవలేదు. దొంగ దొరికాడులే అనుకుంది. కానీ దొరికింది దొంగ మాత్రమే, దొంగతనానికి కారణం కాదు.

కటింగు బల్ల అడుగున సుద్దతో గుర్తులు పెట్టడం మొదలుపెట్టింది. పొడి దొరికిన రోజుకు ఒక గీత, దొరకని రోజుకు సున్నా. రెండు వారాలయ్యేసరికి చిత్రం బయటపడింది. సెలవు రోజున సున్నా. ఊరి చుట్టూ తిరిగే చిన్న రూటు వేసిన రోజున సున్నా. వంతెన దాటి వెళ్లే పెద్ద రూటు వేసిన రోజున మాత్రం గీత. సెలవు రోజు ఎదురింటివాళ్లు పుట్టినరోజు కేకు తెచ్చి ముందు పెడితే, డ్రైవరు ఒక్క ముక్క కూడా ముట్టుకోకుండా ప్లేటు తల్లి వైపు జరిపాడు. తీపి మీద యావే ఉంటే దానికి సెలవు రోజు ఉంటుందా? వంతెనకు అవతల ఏముంది?

తెలుసుకుందామని ఓ గురువారం మధ్యాహ్నం కుట్టిన బట్టల మూట చంకలో పెట్టుకుని, రద్దీలో వెనక తలుపు నుంచి వంతెన రూటు బస్సెక్కింది. కండక్టరు కొత్త మనిషి, గుర్తుపట్టలేదు. ఒక భారీ మనిషి వెనక సీటు చూసుకుని కూర్చుంది.

ఇరవై రెండేళ్ల కాపురంలో మొగుడు పని చేస్తుంటే చూడటం ఆమెకు అదే మొదటిసారి. వంతెన మీద మరమ్మతులట, ఒక వైపే వదులుతున్నారు. బస్సు నత్తలా పాకింది. ఈపాటికి నడిచి వెళ్లినా ఇల్లు చేరేవాళ్లమని ఒకాయన ముందు నిలబడి విసుక్కున్నాడు. తన కూతురి ఇంటర్వ్యూ పోతే నువ్విస్తావా ఉద్యోగం అని ఇంకొకావిడ నిలదీసింది. డ్రైవరు ఎవరికీ బదులు చెప్పలేదు. ఇంట్లో కూర ఆలస్యమైతే ఇల్లెగరగొట్టే మనిషి ఇతనేనా అని టైలరమ్మ ముక్కున వేలేసుకుంది. డ్యాష్‌బోర్డు మీది రేడియోలో డిపో గొంతు ఎన్ని నిమిషాలు ఆలస్యమని అడిగింది. పదకొండు అని అతను చెప్పాడు. చివరి స్టాపులో ఇచ్చే విరామం పన్నెండు నిమిషాలు. మిగిలింది ఒక్కటి.

చివరి స్టాపులో జనమంతా దిగిపోయారు. టైలరమ్మ మూట చాటున వంగి కూర్చుంది. ఆమె పొద్దున కట్టిచ్చిన భోజనం డబ్బా మూత కూడా తీయకుండా ఇంజను పక్కన ఉంది. డ్రైవరు ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకున్నాడు. ప్యాకెట్టు పళ్లతో చింపి, కుడిచేత్తో ఒకటి తర్వాత ఒకటి, పోస్టు డబ్బాలో ఉత్తరాలు వేసినట్టు నోట్లో వేసుకున్నాడు. నమిలింది లేదు, రుచి చూసింది లేదు. చూపంతా అద్దం అవతల ఎక్కడో ఉంది. దొంగతిండి తినేవాడి ముఖంలో కాస్త సంబరమైనా ఉండాలి కదా. మాత్ర మింగేవాడి ముఖంలా ఉంది అది.

ఎనిమిది బిస్కెట్లు అయ్యాక చెయ్యి తొడ కింద నుంచి తీశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ పైన అద్దంలోకి చూశాడు. అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి. ఈలోపు తిరుగు ప్రయాణం జనం బిలబిలమంటూ ఎక్కేశారు. అతను గేరు వేశాడు. ఆమె తమ వీధి స్టాపు రాగానే వెనక తలుపు నుంచే దిగిపోయింది.

సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చిన డ్రైవరు గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ, "నిఘా పెట్టేవాళ్లకి మా బస్సులో ఫ్రీ పాసు లేదు. రేపటి నుంచి చెప్పి ఎక్కు," అన్నాడు. మాటలో హాస్యం ఉంది, ముఖంలో లేదు.

"బిస్కెట్లు ఎందుకండీ?"

"ఆకలేసింది."

"డబ్బా పక్కనే ఉంది కదా."

"డబ్బా తినడానికి పావుగంట కావాలి. నాకున్నది నిమిషం. అది డ్యూటీ దిగాక డిపోలో తింటాను." బూటు మూలకు విసిరాడు. "ఒక్క ప్యాకెట్టుకి ఇంత గూఢచారితనమా? నీ కొంగుచాటు పిల్లాణ్ణా నేను? ఊళ్లో జనాన్నంతా మోసేవాణ్ణి, ఎనిమిది బిస్కెట్లు మోయలేనా?"

టైలరమ్మ పరీక్ష మాట ఎత్తింది. గొడుగుల గది మాట కూడా ఎత్తింది. అది ఎత్తకుండా ఉండాల్సింది. అతని ముఖం ఎర్రబడింది. లేచి నిలబడి నడుం మీద రెండు చేతులూ వేసుకున్నాడు.

"ఇదిగో, ప్యాంటు చూడు. పోయినేడు హుక్కు ఎక్కడ పెట్టానో ఇవాళా అక్కడే పెట్టాను. నువ్వు మాట మారుస్తావు, డాక్టరు మాట మారుస్తాడు. ఇదేమన్నా అబద్ధం చెబుతుందా?"

మంచం మీద అత్తగారు ఉన్నట్టుండి దగ్గడం మొదలుపెట్టింది. కూతురు పుస్తకంలోంచి తలెత్తింది. మాట్లాడకుండా ఊరుకుంటే ఆ పూటకు గండం గడుస్తుందని టైలరమ్మకు తెలుసు. ఫ్రిజ్ మీది కాగితం వైపు చూసింది. ఇంకా ఇరవై మూడు రోజులు ఉన్నాయి.

"చెబుతుంది," అంది. "నేను నేర్పాను దానికి."

తీగ మీద ఆరేసిన రెండో ప్యాంటు తెచ్చి, తిరగేసి, మిషను లైటు కింద పరిచింది. వెనక కుట్టు పక్కన సన్నటి సూది బెజ్జాలు వరసలుగా ఉన్నాయి. దున్నిన చేలో చాళ్లలా ఒకదాని పక్కన ఒకటి. డ్రైవరు వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఆరు పాత వరసలు, చివర్న ఇప్పటి కుట్టు. ఆమె మెడలో టేపు తీసి అతని నడుం చుట్టూ వేసి, అంకె మీద బొటనవేలు పెట్టి చూపించింది. నలభై ఒకటి. పోయినేడు ముప్పై ఎనిమిది.

అతను ఆ అంకె మీద తన వేలు కూడా పెట్టి చూశాడు. తర్వాత గొంతు పెంచకుండానే మాట్లాడాడు. అరిచి ఉంటే ఆమెకు సులువుగా ఉండేది.

"డాక్టరు ఏడాదికోసారి చెబుతాడు. అద్దం ముందు నేను నిలబడను, నా గడ్డం తప్ప నేనేం చూసుకోను. నాకు రోజూ నిజం చెప్పేది ఈ ప్యాంటొక్కటే అనుకున్నా. దాని నోరు నువ్వు కుట్టేశావు."

"రెండు రోజులు తిండి మానేసి కూర్చున్నారు. ఆ ముఖం చూడలేక..."

"నా ముఖం బాగుండాలని నా కళ్లకి గంతలు కట్టావా? బస్సు నడిపేవాడి కళ్లకి?"

అప్పుడు అత్తగారి దగ్గు ఆగింది.

"వాడికి గంతలు కట్టి నువ్వేం సుఖపడ్డావే అమ్మాయ్," అంది ముసలావిడ తాపీగా. "ఆ కుట్లు విప్పిన ప్రతిసారీ బీరువా తీసి పిడికెడు చక్కెర నోట్లో పోసుకున్నావు. నేను నిద్రపోతున్నాననుకున్నావు. తాళం వేసిన డబ్బాలో చక్కెర తగ్గుతోందేమిటని వాడు అడిగితే, చీమల మీదికి తోసి నీ పరువు కాపాడాను. పాపం చీమలు."

కూతురికి నవ్వొచ్చి పుస్తకం అడ్డం పెట్టుకుంది. డ్రైవరు పెళ్లాం వైపు తిరిగాడు. కోపం ఉన్నచోట ఆశ్చర్యం వచ్చి కూర్చుంది.

"నువ్వా?"

"నేనే."

"నీకు తీపే పడదు కదా."

"పడదు. కానీ మీకు తెలీకుండా కత్తెర పట్టుకున్నప్పుడల్లా గొంతులో ఏదో అడ్డం పడేది. చక్కెర వేసుకుంటే అది జారేది. కాసేపే. మళ్లీ వచ్చేది." ఇంతకు ముందెప్పుడూ ఈ మాట తనతో తాను కూడా అనుకోలేదు. అన్నాక ఆమెకే వింతగా ఉంది.

చదువుకునే పిల్లల బుర్ర చదువు మీద తప్ప అన్నిటి మీదా పనిచేస్తుంది. కూతురు వచ్చి మధ్యలో నిలబడి, ఆ ఆరుసార్లూ ఎప్పుడెప్పుడు విప్పావో గుర్తుందా అని తల్లిని అడిగింది. గుర్తెందుకు, రాసే ఉంది. టైలరమ్మ కొలతల పుస్తకంలో వీధిలో ప్రతి మనిషి నడుమూ తేదీతో సహా ఉంటుంది. చివరి పేజీలో పేరు లేకుండా మొగుడిది ఉంది.

తండ్రీ కూతుళ్లు ఆ పేజీ మీద వంగారు. మొదటి తేదీ హుక్కు ఊడిన వారం. రెండోది, డిపోలో కొత్త టైం టేబులు పెట్టి ట్రిప్పుకు ఏడు నిమిషాలు కోసేసిన నెల. ఆ తేదీ చూసి డ్రైవరు తనే చెప్పాడు. మూడోది వంతెన మీద మరమ్మతులు మొదలైనప్పటిది. తర్వాత ఒకే నెల పొడవునా మూడు తేదీలు, పది రోజుల తేడాతో.

"నాన్నా, వానలు మొదలైన నెల ఇది. అప్పుడేమైంది?" అంది పిల్ల.

డ్రైవరు పుస్తకం మూశాడు. మళ్లీ తెరిచాడు. కుర్చీలో కూర్చుని, కూర్చుంటూనే ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకున్నాడు. టైలరమ్మ ఆ చెయ్యి చూసింది.

ఆ నెలలో ఒక వాన సాయంత్రం వంతెన మీద సైకిలు మీద వెళుతున్న కుర్రవాడు జారి బస్సు ముందు పడ్డాడట. డ్రైవరు బ్రేకు మీద లేచి నిలబడ్డాడట. జానెడు దూరంలో బస్సు ఆగింది. కుర్రవాడు దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. కానీ ఆ కుదుపుకు బస్సులో నిలబడి ఉన్న ఒక రిటైరైన టీచరమ్మ పడి మణికట్టు విరిగింది. డిపో వాళ్లు విచారణ చేసి డ్రైవరు తప్పేమీ లేదని రాసిచ్చారు. సంతకం పెట్టి మర్నాడు మళ్లీ అదే బస్సు ఎక్కాడు. కాగితం మీద తప్పు లేదన్నారు గానీ, ఎముక విరిగిన చప్పుడు చెవిలోంచి పోలేదు. వంతెన దాటినప్పుడల్లా ఎడమ చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

"ఆ రోజు చివరి స్టాపులో టీ అమ్మే ఆయన నా వాలకం చూసి చేతిలో తియ్యటి బన్ను పెట్టాడు. తిన్నాను. వణుకు ఆగింది. అంతే. మర్నాడు వణికితే బన్ను. తర్వాత బిస్కెట్లు. అది తిండి కాదే. మందు."

"ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నేనొచ్చేదాకా నువ్వు గుమ్మంలో నిలబడతావు. చెయ్యి వణుకుతోందని డిపోలో తెలిస్తే మర్నాడే గొడుగుల గది. ఎవరికి చెప్పను?"

టైలరమ్మ అతని పక్కన నేల మీద కూర్చుని, తొడ కింద ఉన్న చేతిని బయటికి లాగి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. పిట్టను పట్టుకున్నట్టుంది. ఆరుసార్లు ఇతని నడుం చుట్టూ తిరిగింది తను. ఏ పూట ఎన్ని మిల్లీమీటర్లు పెరిగాడో తెలుసు. ఒక్కసారి, ఏమయ్యా, ఏమైంది నీకు అని అడగలేదు. అడగడం కంటే విప్పడం సులువని విప్పింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది, ఏమీ కనబడక.

మంచం మీద నుంచి అత్తగారు ఎవరికీ కాకుండా, గోడకు చెబుతున్నట్టు అంది. "చిన్నప్పుడు ఉరిమితే వణికిపోయేవాడు. పొలం పనుల్లో ఎక్కడ ఊరుకోబెడతానని నోట్లో చక్కెర పోసి పడుకోబెట్టేదాన్ని. ఏడుపు టక్కున ఆగేది. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను అప్పట్లో." దుప్పటి మీదికి లాక్కుంటూ, "ఎత్తుకుని ఉంటే సరిపోయేదేమో," అంది.

ఆ పూట భోజనాలు చల్లారిపోయాయి. ఎవరికీ ఆకలి గుర్తులేదు.

డిపో పరీక్ష దాకా ఆగకుండా మర్నాడే మొగుడూ పెళ్లాలిద్దరూ వీధి చివర ఆసుపత్రికి వెళ్లారు. వేలికి సూది గుచ్చిన నర్సు గట్టి మనిషి. అంకె చూసి, చక్కెర గట్టెక్కి ఒక కాలు అవతల పెట్టిందనీ, రెండో కాలు ఇంకా ఇవతలే ఉందనీ చెప్పింది. ఏం తింటున్నావని కాకుండా, తినబోయే ముందు ఏం జరుగుతోందని అడిగింది. విన్నాక, పొద్దున ఆరింటికి తిన్నవాడు మధ్యాహ్నం రెండింటి దాకా ఖాళీ కడుపుతో ఉంటే ఒళ్లు వణకదా అంది. ఆకలికీ భయానికీ వణుకు ఒకేలా ఉంటుంది. బన్ను ఆకలి వణుకును తీర్చి, భయం వణుకును కూడా తనే తీర్చానని పేరు కొట్టేసింది.

ఏం చెయ్యాలో చెప్పింది కూడా చిన్న చిన్న సంగతులే. పావుగంట దొరకని చోటికి పావుగంట డబ్బా పంపొద్దు, రెండు నిమిషాల్లో తినగలిగేవి పంపమంది. ఉడికించిన గుడ్లు, వేయించిన పల్లీలు, ఓ పండు. అది వంతెన ఎక్కకముందే తినమంది. తీపి మీదికి మనసు పోతే తిట్టుకోకుండా పది నిమిషాలు ఆగి, కిందికి దిగి బస్సు చుట్టూ నడవమంది. అప్పటికీ కావాలనిపిస్తే ఒక్కటి, నమిలి, రుచి చూసి తినమంది. ఇంట్లో తాళం తీసేయమంది. తాళం వేసిన వస్తువే మనిషిని పేరు పెట్టి పిలుస్తుందట. ఈ ఒక్క సలహా విని అత్తగారు ఆ నర్సుకు దండం పెట్టాలంది. అన్నిటికంటే ముఖ్యమైంది చివర్న చెప్పింది. చెయ్యి సంగతి డిపోలో చెప్పి తీరాలి.

డ్రైవరు రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు చెప్పాడు. డిపో మేనేజరు కాగితం మీద రాసుకుని, పరీక్ష రోజున డాక్టరే తేలుస్తాడన్నాడు. ఆ ఇరవై రోజులూ ఇల్లు పరీక్ష రాసే పిల్లల ఇల్లులా ఉంది. అన్ని రోజులూ గొప్పగా ఏం గడవలేదు. ఒక రోజు రెండు ట్రిప్పులు వరసగా ఆలస్యమైతే ప్యాకెట్టు మొత్తం తినేశాడు. తినేసి, మడవని కాగితం తెచ్చి టేబులు మీద పెట్టి, ఇవాళ ఓడిపోయానన్నాడు. ఎన్ని బిస్కెట్లని ఆమె అడగలేదు. ట్రిప్పులు ఎందుకు ఆలస్యమయ్యాయని అడిగింది. అరగంట చెప్పాడు.

పరీక్ష రోజు ఆమె మిషనుకు గుడ్డ కప్పి అతని వెంట డిపో వాళ్ల పెద్దాసుపత్రికి వెళ్లింది. లోపల డాక్టరు నడుం కొలవడానికి టేపు తీయబోతుంటే, "నలభైన్నర. మా ఆవిడ పొద్దున కొలిచింది. ఇప్పుడు నిజమే చెబుతోంది," అన్నాడట. డాక్టరుకు అర్థం కాలేదట. ఆయన రక్తం కాగితం చూశాడు, చెయ్యి చాపించి చూశాడు, చాలాసేపు ప్రశ్నలడిగాడు. గండం పూర్తిగా గడవలేదు, పూర్తిగా మీద పడనూ లేదు. మూడు నెలలు వంతెన రూటు బంద్. ఊరి చుట్టూ తిరిగే చిన్న రూటు మాత్రమే. వారానికోసారి ఇదే ఆసుపత్రిలో మనసు డాక్టరుతో మాట్లాడాలి. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తారు. అప్పటికీ అంకె దిగకపోతే స్టీరింగు ఉండదు.

బయటికొచ్చి ఆ కాగితం ఆమె చేతికిచ్చాడు. వరండాలో నడిచాడు. నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు. గోడ పక్కన, నాణెం వేస్తే ప్యాకెట్టు కిందపడే గాజు డబ్బా ఉంది. లోపల చాక్లెట్లు, క్రీము బిస్కెట్లు లైట్ల వెలుగులో వరసగా నిలబడి ఉన్నాయి. అతని చెయ్యి జేబులోకి వెళ్లింది.

రండి, పోదాం పదండి అనే మాట టైలరమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ల వెనకే ఆపుకుంది.

"ఏమవుతోంది?" అని అడిగింది.

అతను గాజులోకే చూస్తూ వెతుక్కుంటూ చెప్పాడు. "చెయ్యి కాదు ఈసారి. ఇక్కడ," అని రొమ్ము మీద చూపించాడు. "పంతొమ్మిదేళ్లు పెద్ద రూటు నడిపాను. చిన్నపిల్లాడికి మూడు చక్రాల సైకిలిచ్చినట్టు చిన్న రూటు ఇచ్చారు. డిపోలో నవ్వుతారు. నాకు సిగ్గుగా ఉంది." ఆగి, "భయంగా కూడా ఉంది," అన్నాడు.

"నాకూ ఉంది," అంది టైలరమ్మ.

అక్కడే బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా గోడ గడియారం ఉంది గానీ ఇద్దరూ దాని వైపు చూడలేదు. కాసేపటికి అతని చెయ్యి జేబులోంచి ఖాళీగా వచ్చి, వాళ్లిద్దరి మధ్య బెంచీ మీద ఊరికే పడుకుంది. ఆమె దాన్ని పట్టుకోలేదు. పక్కనే తన చెయ్యి పెట్టింది.

ఇంటికి బస్సులో బయలుదేరారు. ఎవరో కుర్ర డ్రైవరు నడుపుతున్నాడు. మలుపు తిప్పేటప్పుడు ఇతని కుడికాలు దానంతట అదే బ్రేకు తొక్కింది, అది చూసి ఇద్దరూ నవ్వుకున్నారు. కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి అతను ఇవతల కూర్చున్నాడు. కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు. పడిపోయిన ఆ టీచరమ్మ మణికట్టు అతుక్కుందో లేదో ఇన్నాళ్లూ కనుక్కోలేదట, వెళ్లాలంటే కాళ్లు రాలేదట, వచ్చే సెలవు రోజున తోడొస్తావా అని అడిగాడు. వస్తానంది. అక్కడి నుంచి కొత్త టైం టేబులు మీదికి, దాని మీద నుంచి గొడుగుల గదిలో కూర్చునే స్నేహితుడి మీదికి వెళ్లాడు. రెండేళ్లుగా అతనితో మాట్లాడలేదట. పాపం ఏమనుకున్నాడో అన్నాడు. ఆమె మధ్య మధ్యలో ఊ కొట్టింది, రెండుచోట్ల అర్థం కాక మళ్లీ అడిగింది, ఒకచోట కళ్లు తుడుచుకుంది.

పంతొమ్మిదేళ్లుగా నిమిషం నిమిషం లెక్కపెట్టుకున్న మనిషి. ఆ దారిలో ప్రతి స్టాపూ కళ్లు మూసుకుని చెప్పగలడు. వాళ్లు దిగాల్సిన స్టాపు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. అతను చెబుతూనే ఉన్నాడు.